సొంతూరు ఏరుకున్న పిన్నిగారు

మొన్న మా ఇంట్లో కందిపప్పు ఉడకలేదు. కుక్కరు కూతలు పెట్టీ పెట్టీ అలిసిపోయింది గానీ, మూత తీస్తే పప్పు పప్పులాగే ఉంది. మా కోడలు కొట్టువాణ్ణి తిట్టింది, కుక్కర్ని తిట్టింది, చివరికి గ్యాసుని కూడా వదల్లేదు. "నీళ్ళ సంగతి చూడమ్మా. ఇవాళ పంపు రాక టాంకరు నీళ్ళు పట్టారుగా" అన్నాను. "నీళ్ళకీ పప్పుకీ ఏం సంబంధం అత్తయ్యా?" అంది. ఆ పిల్ల అడిగిన తీరుకి నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు చెమర్చాయి. ఒకప్పుడు ఆ ఒక్క సంబంధాన్నే పట్టుకుని నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊరూరా తిరిగిన మనిషి గుర్తొచ్చింది. ఆవిడ పోయి చాలా కాలమైంది.

పిన్నిగారూ అని పిలిచేదాన్ని గానీ చుట్టరికం ఏమీ లేదు. నేను మద్రాసులో టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో టైఫాయిడ్ వచ్చి ఆసుపత్రిలో పడితే, ఆ వార్డులో ఆవిడ నర్సు. నాకు కాస్త తెలివొచ్చాక ఆవిడ నన్నడిగిన మొదటి మాట: "మునేరు ఎవరమ్మాయ్?"

నేను తెల్లబోయాను. జ్వరం తీవ్రంగా ఉన్నప్పుడు మునేరూ మునేరూ అని కలవరించానట.

"మునేరు మనిషి కాదండీ, ఏరు. మా నందిగామ పక్కనే."

"హమ్మయ్య. పెళ్ళి కాని పిల్లవి, ఎవడో కుర్రాడి పేరనుకుని మీ నాన్నకి చెప్పాలా వద్దా అని కొట్టుకుచస్తున్నా."

అలా మొదలైంది మా స్నేహం. ఆవిడ పొట్టిగా, బొద్దుగా ఉండేది. తెల్ల చీర, రవికెకి గుచ్చిన చిన్న గడియారం. ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ళ మణికట్టు పట్టుకునేది. మాట్లాడేది మామూలు మాటలే, వేళ్ళు మాత్రం నాడి మీద ఉండేవి. రోగుల సంగతి సరే, పాలు పోసేవాడి చెయ్యీ అలాగే పట్టుకునేది, చర్చిలో పాస్టరు గారి చెయ్యీ అలాగే పట్టుకునేది.

ఆవిడకి ఊరు లేదు. పసిపిల్లగా ఉన్నప్పుడే ఎవరో మిషను బోర్డింగు గుమ్మంలో వదిలి వెళ్ళారు. అక్కడ పెరిగింది, అక్కడే చదివింది, ఆ తర్వాత జీవితమంతా నర్సుల క్వార్టర్సులో గడిచింది. ఆసుపత్రి మంచాల మీద పడుకున్న తెలుగువాళ్ళంతా మా ఊళ్ళో ఇది, మా ఊళ్ళో అది అని చెబుతుంటే వినడం తప్ప, తిరిగి చెప్పడానికి ఆవిడకేమీ ఉండేది కాదు. ఆ మాట ఒకసారి నాతోనే అంది, జాలి పడమని కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

నా ట్రైనింగు అయింది, పెళ్ళయింది, నందిగామలోనే టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఆయనా టీచరే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, మద్రాసులో ఉన్న తెలుగువాళ్ళు చాలామంది సామాన్లు సర్దుకుంటున్న రోజులు అవి. ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు జట్కా ఆగింది. అందులోంచి ముందు ఇనప ట్రంకు పెట్టె, తర్వాత గొడుగు, ఆ తర్వాత పిన్నిగారు దిగారు.

"రిటైరయ్యా అమ్మాయ్. ఊరు వెతుక్కుందామని వచ్చా."

"ఏ ఊరండీ?" అన్నాడు మా ఆయన అమాయకంగా.

"అదేగా బాబూ వెతకాల్సింది!"

తోటి నర్సులంతా మద్రాసులోనే ఉండిపొమ్మన్నారట. లేకపోతే బెజవాడలో చిన్న ఇల్లు చూసుకోమన్నారట. ఆవిడ ఒప్పుకోలేదు. "ఇల్లు ఎక్కడైనా దొరుకుద్ది. నాకు కావాల్సింది ఊరు. మీ అందరికీ సొంతూరు పుట్టగానే అంటగట్టేశారు, బాగున్నా బాగోకపోయినా నోరు మూసుకుని ఉండాలి. నాకు ఏరుకునే వీలొచ్చింది. తొందరపడతానా?"

తొందరపడలేదు. రెండేళ్ళ పైనే పట్టింది.

వెతికే పద్ధతి ఆవిడది. మా వీధి చివర కొట్లో మంచి కందిపప్పు ఒక్కసారే కొని డబ్బాలో పోసుకుంది. ఏ ఊరు వెళ్ళినా ఆ పప్పే, ఆ గిన్నే. "పప్పు మారకూడదు, గిన్నె మారకూడదు. నీళ్ళే మారాలి" అనేది. ఊరు చేరగానే తాగే నీళ్ళ బావి ఏదో కనుక్కుని, ఎవరింటి ముందైనా పొయ్యి అడిగి, పిడికెడు పప్పు ఎసట్లో పోసి కూర్చునేది. మెట్ట ప్రాంతం కదా, మా వైపు కొన్ని బావుల నీళ్ళు తియ్యగా ఉంటాయి, కొన్నిటి నీళ్ళు నోట్లో పెట్టుకోలేం. చుట్టూ కంది చేలు విరగకాసినా, అలాంటి ఊరి నీళ్ళలో కందిపప్పు మాత్రం ఉడకదు. మా వాళ్ళకిది తెలియంది కాదు. ఊరికి పిల్లనిచ్చేటప్పుడు కూడా నీళ్ళ సంగతి అడుగుతారు. కాకపోతే డబ్బా పట్టుకుని ఊరూరా పరీక్ష పెట్టినవాళ్ళని ఎవరూ చూడలేదు.

సెలవు రోజుల్లో నేనూ వెంట వెళ్ళేదాన్ని. పప్పు ఉడకడం ఒక సాకని నాకు త్వరలోనే అర్థమైంది. అది ఉడికేలోపు ఆడవాళ్ళు చుట్టూ చేరేవాళ్ళు. మాటల్లో మాటగా ఎవరికి ఎవరితో పడదో, ఎవరి కోడలు పుట్టింటికి పోయిందో, పురుళ్ళు ఎవరు పోస్తారో అంతా బయటికొచ్చేది. "మా ఊళ్ళో తగువులే లేవండీ" అన్న ఊరి మీద ఆవిడకి నమ్మకం కుదిరేది కాదు. "అంటే సగం మందికి నోరు లేదన్నమాట" అని గిన్నె దించేసేది.

ఒక ఊళ్ళో మునసబు గారు పెద్దమనిషి, ఎదురొచ్చి నమస్కారం పెట్టారు. ఈవిడ అలవాటు చొప్పున ఆయన మణికట్టు పట్టుకుంది. పక్కనే ఆయన భార్య. ఆయన ముఖం ఎర్రబడింది, చెయ్యి లాక్కోలేడు, ఉంచలేడు. పిన్నిగారు గడియారం చూసుకుని, "ఊరగాయలు కాస్త తగ్గించండి బాబుగారూ" అంది. ఆ మాటతో ఆయన భార్య ముఖం వెలిగిపోయింది. "నే చెపితే విన్నారా?" అని మొగుడి మీద లేచింది. మునసబు గారు మళ్ళీ మా కంట పడలేదు.

బస్సుల్లో అందరికీ ఆవిడ తెలిసిపోయింది. కండక్టరు టిక్కెట్టు కొట్టకముందే "ఏమండీ, నిన్నటి ఊళ్ళో పప్పుడికిందా?" అనేవాడు. బస్సంతా జవాబు కోసం చెవులు రిక్కించేది. ఉడకలేదంటే ఆ ఊరివాడెవడో వెనక సీట్లోంచి గొడవకి దిగేవాడు. ఒక పంచాయితీ ప్రెసిడెంటు గారైతే సరాసరి మా బడికే వచ్చేశారు.

"మీ పిన్నిగారు మా నీళ్ళకి వంక పెట్టిందటండీ. ఆ నీళ్ళు తాగే మా తాత నిండా నూరేళ్ళు బతికాడు."

సాయంత్రం ఆవిడకి చెప్పాను. "బతికుంటాడు, ఎవరు కాదన్నారు? పప్పు తిని మాత్రం కాదు" అంది.

రెడ్డిగూడెం దాకా వెళ్ళొచ్చింది. ముక్త్యాల వెళ్ళినప్పుడు ఇంక వెతుకులాట అయిపోయిందనుకున్నాను. పక్కనే కృష్ణ. గిన్నెలో పప్పు వెన్నలా కరిగిపోయింది. పిన్నిగారు ఒడ్డున నిలబడి చాలాసేపు నీళ్ళని చూసింది. "ఎంత బాగుందే" అంది. నేను సంబరపడేలోపే, "ఇక్కడుంటే నేను పొద్దస్తమానం దీన్నే చూస్తూ కూర్చుంటా. ఆర్నెల్లకి పిచ్చెక్కుద్ది" అని గొడుగు తెరిచింది.

ఇంకో ఊరుంది. పేరు చెప్పను. అక్కడ ఒక పెద్ద రైతు ఇంటి ముందు, ఆరుబయట మూడు రాళ్ళు పెట్టి పొయ్యి చేసుకోమన్నారు. లోపలికి రమ్మనలేదు. మేము క్రైస్తవులం, మాకది కొత్త కాదు. పప్పు చక్కగా ఉడికింది. రైతు గారు మంచివాడే, మనస్ఫూర్తిగా సంతోషించాడు.

"మా ఊళ్ళో ఉండిపోండమ్మా. ఇల్లు నేను చూపిస్తా. నర్సమ్మ ఉంటే ఊరికెంత ధైర్యం!"

పిన్నిగారు బావి వైపు చూసి, "ఈ బావిలో చేద నేను వేసుకోవచ్చాండీ?" అంది.

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ కొంగు సర్దుకుంటూ నేల చూపులు చూసింది. "మీకెందుకమ్మా ఆ శ్రమ? మా జీతగాడు రోజూ తోడి పోస్తాడుగా" అన్నాడు తియ్యగా.

"సంతోషమండీ" అంది పిన్నిగారు. పొయ్యి ఆర్పి, ఉడికిన పప్పంతా అక్కడ మిరపకాయలు ఏరుతున్న కూలి ఆడవాళ్ళకి పెట్టేసి, గిన్నె తోముకుని సంచిలో పెట్టుకుంది. బస్సు కోసం నడుస్తుంటే, "నీళ్ళు మాత్రం బంగారం" అంది. ఇంటికొచ్చాక నా పక్కన కూర్చుని, "బాధగా ఉందే అమ్మాయ్" అంది. ఆవిడ నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే. ఆ వయసులో ఆవిడకి దొరక్కపోతే ఇంకెప్పటికి దొరుకుతుంది ఊరు అని నాకు మొదటిసారి దిగులేసింది.

దిగులేసిందన్నాను గానీ, నా లోపలి మాట వేరు. మా పెద్దాడు ఆవిడ చేతుల్లోనే పుట్టాడు. వాడికి పాలు పట్టడం, స్నానం చేయించడం అన్నీ ఆవిడే. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి వీధి అరుగు మీద ఆవిడ కూర్చుని ఉంటే నాకు ఇల్లు ఇల్లులా ఉండేది. నన్నడిగితే ఏ ఊళ్ళోనూ పప్పు ఉడక్కుండా ఉంటేనే బాగుండేది. "ఇక్కడే ఉండిపోకూడదా పిన్నిగారూ, ఇది మాత్రం ఊరు కాదా?" అనేదాన్ని. "ఇది నీ ఊరే. నీ ఊళ్ళో నేనుంటే నీ మనిషిగా ఉంటా. బాగానే ఉంటుంది. కానీ అది వేరు" అనేది.

చివరికి ఒక శనివారం గరికపాడు వైపు బస్సెక్కాం. రోడ్డు మీద దిగి, నల్లరేగడి డొంకలో నడిచి, ఒక చిన్న పల్లెకి చేరాం. అంతా పొలం పనులకి పోయేవాళ్ళే, తాటాకు ఇళ్ళే. చివర ఒక పాకలో ప్రార్థన జరుపుకుంటారు. మేం వస్తున్న సంగతి కండక్టరు ముందే చేరేసినట్టున్నాడు. ఊరి మొదట్లోనే ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు ఒక ముసలామె, నోట్లో చుట్ట.

పొయ్యి రాజేసి ఉంది. పక్కన నిండు కడవ.

"నీల్లు ఇప్పుడే తోడామమ్మా. ఎండన పడొచ్చారు, మీరు బాయి కాడికి రావడమెందుకు? కూసోండి" అంది ముసలామె.

పప్పు పడింది. ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. ఆ ఊరి తగువులన్నీ ఒకరి మాట మీద ఒకరు పడుతూ చెప్పారు. ఎవరి మేక ఎవరి బీరపాదు తిందో, దాని మీద ఎవరెవరికి మాటల్లేవో, ఇద్దరు తోడికోడళ్ళు అక్కడికక్కడే మళ్ళీ మొదలుపెట్టారు. పిన్నిగారి ముఖంలో ఒక్కో గీతా విచ్చుకుంటోంది. పప్పు కూడా ఏ ఊళ్ళోనూ ఉడకనంత బాగా ఉడికింది. ఆడవాళ్ళు ఒకరినొకరు గిల్లుకుంటున్నారు. పిన్నిగారు గరిటెతో కొంచెం తీసి నోట్లో వేసుకుంది. నములుతున్నది ఆగిపోయింది.

గిన్నె వంచి అడుగు చూసింది. కడవలో చెయ్యి పెట్టి అడుగు తడిమి, వేళ్ళు పైకెత్తి చూపించింది.

"బావిలో ఇసక ఎక్కడిది?"

కుర్రకోడళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముసలామె తాపీగా చుట్ట తీసి, నేలకి రుద్ది ఆర్పి, చెవి మీద పెట్టుకుంది.

"అయి బాయి నీల్లు కాదమ్మా. ఏటి ఇసకలో చెలమ తీసి తెచ్చిన నీల్లు. మా బాయి నీల్లల్లో పప్పు సచ్చినా ఉడకదు. తెల్లారకముందే లేసి, అందరం పోయి మోసుకొచ్చాం."

"ఎందుకే ఈ మోసం?"

"నువ్వు రావాలని."

"రేపు నేను వచ్చాక తెలిసిపోదా?"

"తెలిస్తే తెలుస్తది. అప్పటికి మేం నీకు అలవాటై పోతాంగా."

పిన్నిగారు నవ్వడం మొదలుపెట్టింది. రవికె మీద గడియారం ఎగిరెగిరి పడుతోంది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "ఆ చెలమ దాకా నన్నూ రానిస్తారా?" అని అడిగింది.

"నిన్ను ఎవరాపారు? బిందె కొనుక్కో" అంది ముసలామె.

తిరుగు బస్సులో నేనూరుకోలేదు. ముఖం మీదే అబద్ధం ఆడారని, ఏడాది పొడుగునా చెలమలో నీళ్ళుంటాయో లేదోనని, బస్సు దిగి అంత దూరం నడవాలని, నోటికొచ్చిన వంకలన్నీ పెట్టాను. ఆవిడ కిటికీలోంచి జొన్న చేలు చూస్తూ అంతా వింది.

"అమ్మాయ్, నా కోసం చీకటితో లేచి ఏటికి పోయి నీళ్ళు మోసుకొచ్చినవాళ్ళు ఈ జన్మలో ఇంకెవరైనా ఉన్నారా చెప్పు."

మావాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆ రాత్రి బాగా ఏడ్చాను.

ఆ పల్లెవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి మట్టిగోడలు లేపారు, తాటాకు కప్పారు. పిన్నిగారు ట్రంకు పెట్టె అందులో పెట్టుకుని, ఇత్తడి బిందె కొనుక్కుంది. ఎండాకాలం చెలమ అడుగంటితే బావి నీళ్ళే గతి. అప్పుడు కందిపప్పు మానేసి పెసరపప్పుకి దిగింది. "పెసరపప్పు ఒంటికి చలవ" అని నాకే పాఠం చెప్పింది.

మందులు కొనడానికి జగ్గయ్యపేట పోయేది, ఎప్పుడైనా నందిగామ వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆ ఊరి మీద చాడీలే. ఫలానా ఆవిడ మొండిది, బొడ్డు కోయడానికి కొడవలి కాచి తెమ్మంటే వినదు. ఫలానా వాడు తాగొచ్చి పెళ్ళాన్ని కొడితే, వెళ్ళి గొడుగుతో నాలుగు తగిలించి వచ్చింది. పక్కింటి మేక ఆవిడ తోటకూర మేసేసింది, ఆ ఇంటితో మాటల్లేవు. "మాటలు లేవా, మీకా?" అన్నాను. "నెల నుంచి! నిన్న ఆ ఇంటి పిల్లకి పురుడు పోశా, అయినా మాట్లాడలేదు" అంది గర్వంగా. చెబుతూ చెబుతూ పొద్దు చూసుకుని, బస్సు తప్పిపోతుందని కాఫీ సగంలో వదిలేసి పరిగెత్తేది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒకరోజు కండక్టరు మా ఇంటికొచ్చి, పిన్నిగారు ఏటి గట్టు మీద జారి పడిందని, కాలు విరిగితే బండి కట్టుకుని జగ్గయ్యపేట తీసుకెళ్ళి కట్టు వేయించారని చెప్పాడు. మర్నాడే నేనూ మా ఆయనా అద్దె కారు మాట్లాడుకుని బయల్దేరాం. దారంతా నేను గది సర్దుకుంటున్నాను మనసులో. మంచం కిటికీ పక్కన వెయ్యాలి, పిల్లలు బడికి పోయాక తోడుగా ఎవర్ని పెట్టాలి, ఇలా. ఒంటరి మనిషి, కాలు కదపలేదు. ఆ పల్లెలో ఎవరు చూస్తారు? ఇప్పుడైనా మా దగ్గరికి రాక తప్పదని, పాపం, లోలోపల కొంచెం సంతోషం కూడా వేసింది.

పంచలో నులకమంచం మీద, కట్టు వేసిన కాలు దిండు మీద పెట్టుకుని పడుకుని ఉంది పిన్నిగారు. ఒకామె తల దువ్వుతోంది. ఒకామె పొయ్యి దగ్గర ఉంది. మేక ఇంటావిడ కూడా ఉంది, ఇంకా మాటల్లేవేమో, ముఖం అటు తిప్పుకుని విసనకర్రతో విసురుతోంది.

"పిన్నిగార్ని నందిగామ తీసుకెళ్తాం. ఎముక అతుక్కునేదాకా మా ఇంట్లో ఉంటారు" అన్నాను.

దువ్వుతున్న చెయ్యి ఆగింది. చుట్ట ముసలామె ఎక్కణ్ణుంచి వచ్చిందో వచ్చి, మంచానికీ నాకూ మధ్య నిలబడింది.

"నువ్వు ఈమెకి ఏమవుతావమ్మా?"

మద్రాసు దగ్గర్నుంచి ఎరిగినదాన్ని. నా పిల్లలు ఆవిడ చేతుల్లో పుట్టారు. అయినా ఆ ప్రశ్నకి తడబడ్డాను. "నేను... పిన్నిగారూ అని పిలుస్తాను" అన్నాను.

"పిలుచుకో, ఎవరొద్దన్నారు? మా మనిషిని మాత్రం ఏడికీ తీస్కపోవడానికి లేదు. రోజుకొక ఇంటోళ్ళం చూసుకుంటన్నాం. కావాలంటే నాలుగు రోజులు నువ్వే ఉండి చూడు."

నేను పిన్నిగారి వైపు చూశాను, ఒక్క మాట చెప్పమన్నట్టు. ఆవిడ నా చెయ్యి అందుకుని మణికట్టు మీద వేళ్ళు పెట్టింది.

"ఎండన పడొచ్చావు. ఆయాసపడుతున్నావు. కూర్చో" అని, పొయ్యి దగ్గరున్న ఆమెని కేకేసింది. "ఏమే, బియ్యం ఇంకో రెండు సోలలు పొయ్యి. ఆ కోడి సంగతేమైంది? చుట్టాలొచ్చిన పూట కూడా తోటకూరేనా?"

"చుట్టాలెవరొచ్చారు పిన్నిగారూ?" అని అటూ ఇటూ చూశాను.

"ఇంకెవరు, మీరే!" అంది.

కాసేపటికి మాకు పీటలు వేశారు. పిన్నిగారు మంచం మీంచే ముక్కలు సరిగా వెయ్యమని, చారు మర్చిపోవద్దని, మా ఆయనకి మొహమాటం ఎక్కువ, అడక్కుండా వడ్డించమని అందర్నీ పురమాయిస్తోంది. ఆవిడని అలా చూస్తుంటే నాకు కడుపు నిండిపోయింది, దాంతోపాటు కాస్త కుళ్ళు కూడా పుట్టింది. అయినా మారు వడ్డన వద్దనలేదు.